ఔటర్ మీద 89, అమీర్‌పేటలో 112

మాది 2014 మోడల్ చిన్న పెట్రోల్ కారు. 87 వేల కిలోమీటర్లు తిరిగింది. ఫిబ్రవరిలో అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యింది. అప్పటినుంచి వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాలు, కేపీహెచ్‌బీ నుంచి పంజాగుట్ట దగ్గరికి ఫిజియోథెరపీకి తీసుకెళ్తున్నాను. దూరం పది కిలోమీటర్ల పైచిలుకు. సాయంత్రం ఐదున్నరకి బయల్దేరితే మూసాపేట, ఎర్రగడ్డ, ఎస్ఆర్ నగర్, అమీర్‌పేట దాటి చేరేసరికి ఒక్కోసారి గంట పడుతుంది. ఈ ఎండాకాలం ఆ గంటే మా కారుకి పరీక్ష అయిపోయింది: ట్రాఫిక్‌లో ఇంజిన్ విపరీతంగా వేడెక్కిపోయేది. ఏం చూశానో, ఏం మార్చానో, ఏది పనికొచ్చిందో ఏ రోజుకారోజు రాసుకున్నాను. ఇదే సమస్యతో ఉన్నవాళ్లకి ఉపయోగపడుతుందని ఇక్కడ పెడుతున్నాను.

మే 6

ఏప్రిల్ నుంచే డాష్‌బోర్డు మీద ఇంజిన్ వేడి చూపించే ముల్లు అప్పుడప్పుడు సగం దాటేది. ఏసీ ఆపి, అద్దాలు దించితే మళ్లీ దిగేది. అమ్మకి కూడా అలవాటైపోయి, సిగ్నల్ కనపడగానే నేను చెప్పకముందే తన వైపు అద్దం దించేసేది. ఇవాళ ఆ చిట్కా పని చేయలేదు. ఎస్ఆర్ నగర్ దాటాక బండ్లు ఇంచు ఇంచు జరుగుతున్నాయి. ముల్లు చూస్తుండగానే ఎర్ర గీత దాకా వెళ్లిపోయింది. ఏసీ ఆపేసి, హీటర్ ఫుల్‌గా పెట్టి, మెట్రో పిల్లర్ పక్కన కాస్త జాగా దొరికితే అక్కడ ఆపి ఇంజిన్ కట్టేశాను. ఎండాకాలంలో హీటర్ ఏమిటి అనిపిస్తుంది గానీ, ఇంజిన్ వేడిని గాలికి వదిలేసే జాలీ రేడియేటర్ అయితే, హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే. ఇంజిన్ వేడిని కొంతైనా బయటికి లాగేస్తుంది.

బోనెట్ ఎత్తగానే రిజర్వ్ డబ్బాలో కూలెంట్, అంటే ఇంజిన్ వేడిని రేడియేటర్‌కి మోసుకెళ్లే ద్రవం, కుతకుతా ఉడుకుతోంది. ఒక ఆటో అన్న పాపం నీళ్ల బాటిల్ పట్టుకుని పరుగెత్తుకొచ్చి రేడియేటర్ మూత మీద గుడ్డ వేశాడు. గబుక్కున చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ స్థితిలో మూత తిప్పితే ఒత్తిడి ఒక్కసారిగా పోయి, మరుగుతున్న కూలెంట్ ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఇంజిన్ చల్లారేదాకా, అంటే కనీసం అరగంట ముప్పావుగంట, ఎవ్వరూ ఆ మూత ముట్టుకోకూడదు. అమ్మని వేరే ఆటో ఎక్కించి పంపాను. వాకర్ పట్టుకుని ఆ ఎండలో, ఆ హారన్ల మధ్య ఆమె ఆటో ఎక్కడం చూస్తుంటే ప్రాణం ఉసూరుమంది. దీని సంగతి తేల్చకుండా అమ్మని మళ్లీ ఈ బండిలో ట్రాఫిక్‌లోకి తీసుకెళ్లకూడదనుకున్నాను.

మే 7

దగ్గర్లో ఉన్న ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. బోనెట్ ఎత్తి రెండు నిమిషాలు చూసి, "సార్, హెడ్ గ్యాస్కెట్ పోయినట్టుంది. హెడ్ దించాలె. ఇరవై, ఇరవై అయిదు వేలు అయితది" అన్నారు. అంత పెట్టలేకపోతే ఇంకో దారి కూడా చెప్పారు: థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజిన్ వేడెక్కాకే కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే తలుపు) పీకేసి, రేడియేటర్ ఫ్యాన్ ఎప్పుడూ తిరిగేలా డైరెక్ట్ చేసేద్దామని. ఫ్యాన్ తిరుగుతోందా అని అడిగితే, "తిరుగుతుంది కదా సార్, చూడండి" అని చూపించారు. నిజమే, తిరుగుతోంది.

వాల్వ్ పీకడానికి నేను ఒప్పుకోలేదు. మన దగ్గర చాలామంది చేయించుకునే పనే ఇది. కానీ ఆ వాల్వ్ లేకపోతే పొద్దున ఇంజిన్ త్వరగా వేడెక్కదు. చల్లగా ఉన్నంతసేపూ ఇంజిన్ కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. కొన్ని ఇంజిన్లలో అదే వాల్వ్ అడుగున ఇంకో బిళ్ల ఉండి బైపాస్ దారిని, అంటే రేడియేటర్‌ని తప్పించి పోయే దారిని, మూస్తుంది. అలాంటి ఇంజిన్లో పీకేస్తే కూలెంట్లో కొంత రేడియేటర్‌లోకి పోకుండానే తిరిగి వచ్చేస్తుంది. వేడి తగ్గించడానికి చేసిన పని వేడిని పెంచుతుంది.

హెడ్ గ్యాస్కెట్ మాట మాత్రం టెన్షన్ పెట్టింది. ఇంజిన్ పై భాగానికీ (హెడ్), కింది భాగానికీ మధ్య ఉండే సీలు అది; అది పోతే సిలిండర్ గ్యాస్, కూలెంట్, ఆయిల్ ఒకదాంట్లోకి ఒకటి పోతాయి. అందుకే ముందు దాని సంగతే చూశాను. ఆయిల్ మూత లోపల పాలమీగడలా తెల్లటి జిగురు లేదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మామూలు నలుపే, నీళ్లు కలిసిన జాడ లేదు. సైలెన్సర్ నుంచి తెల్ల పొగ లేదు. పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి చూస్తే బుడగలు రాలేదు. స్టార్ట్ చేసిన నిమిషానికే రేడియేటర్ పై హోస్ (రబ్బరు గొట్టం) రాయిలా గట్టిపడితే గ్యాస్ లోపలికి వస్తోందని అనుమానించాలి. మాది మెత్తగానే ఉంది. ఇంకా అనుమానం తీరక వేరే గ్యారేజీలో నీలం ద్రవం టెస్టు కూడా చేయించాను. రేడియేటర్ మూతి దగ్గర గాలిని ఆ ద్రవంలోంచి లాగుతారు. సిలిండర్ పొగ అందులో కలిస్తే నీలం కాస్తా పసుపు రంగుకి మారుతుంది. మాది నీలంగానే ఉండిపోయింది. నా గుండె కుదుటపడింది.

మే 8

అమ్మని క్యాబ్‌లో పంపి, అదే టైముకి, అదే రోడ్డు మీద నేనొక్కడినే కారు తీసుకెళ్లాను. ఓబీడీ అడాప్టర్ ఒకటి కొన్నాను. స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌లో పెడితే ఇంజిన్ టెంపరేచర్ ఫోన్‌లో డిగ్రీలతో సహా కనిపిస్తుంది. డాష్‌బోర్డు ముల్లుని నమ్ముకుంటే లాభం లేదు. చాలా కార్లలో 80 ఉన్నా, 100 ఉన్నా అది కదలకుండా మధ్యలోనే నిలబడేలా చేస్తారు. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యమైపోయినట్టు.

నోట్ చేసుకున్నవి: కేపీహెచ్‌బీలో 91. భరత్‌నగర్ ఫ్లైఓవర్ మీద కాస్త ఖాళీ దొరికితే 90. ఎర్రగడ్డలో 99. అక్కడ్నుంచి దిగలేదు. ఈఎస్ఐ దగ్గర 103, ఎస్ఆర్ నగర్‌లో 106. 110 దాటితే ఆపేయాలని ముందే అనుకున్నాను. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర పక్కకి తీసేలోపే 112 అయ్యింది. ఏసీ ఆన్‌లో ఉంది కాబట్టి దారి పొడవునా ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

ఈ చివరి మాట దగ్గరే నేను ఆగి ఆలోచించి ఉండాల్సింది. ఫ్యాన్ తిరుగుతుండగా వేడి ఎక్కింది. ఆ రోజు నా దృష్టి అటు పోలేదు.

మే 12, ఆదివారం

పొద్దున పదకొండింటికి నానక్‌రామ్‌గూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లి వచ్చాను. ఏసీ ఆన్, స్పీడు తొంభై. బయట మాడు పగిలే ఎండ. ఫోన్‌లో అంకె 88, 89 దగ్గర అతుక్కుపోయినట్టు ఉండిపోయింది. ఒక్కసారి కూడా 91 దాటలేదు.

నేను అనుకున్న కారణాల్లో సగం ఈ ఒక్క ప్రయాణంతోనే కొట్టుకుపోయాయి. ఔటర్ మీద ఇంజిన్ పుట్టించే వేడి అమీర్‌పేటలో కంటే చాలా ఎక్కువ. అంత వేడినీ ఈ రేడియేటరే, కూలెంట్‌ని తిప్పే ఈ పంపే, ఈ కూలెంటే బయటికి పంపేశాయి. పంపు రెక్కలు అరిగిపోయి ఉంటే, రేడియేటర్ గొట్టాలు బాగా పూడుకుపోయి ఉంటే, గ్యాస్కెట్ పోయి ఉంటే ముందు ఇక్కడే బయటపడాలి. ట్రాఫిక్‌లో లేనిది, ఔటర్ మీద ఉన్నది ఒక్కటే: ఎదురుగాలి. బండి పరిగెడుతుంటే గాలి దానంతటదే రేడియేటర్‌లోంచి దూసుకుపోతుంది. బండి నిలబడితే ఆ గాలి మొత్తాన్నీ ఫ్యాన్ ఒక్కటే లాగాలి. పైగా ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ, అంటే కండెన్సర్, రేడియేటర్‌కి ముందే ఉంటుంది. రేడియేటర్‌కి అందే గాలి, కండెన్సర్‌ని తాకి అప్పటికే వేడెక్కిన గాలి.

కాబట్టి ఎవరి కారైనా ట్రాఫిక్‌లో వేడెక్కి హైవే మీద మామూలుగా ఉంటే, ముందు గాలి సంగతి చూడండి. హైవే మీద, ఘాట్ ఎక్కేటప్పుడు వేడెక్కి, నిలబడితే తగ్గుతుంటే కూలెంట్ ప్రవాహం సంగతి చూడండి. ఇంజిన్ దించే మాట ఆ తర్వాత.

మే 13

ఇంత తెలిసి కూడా తొందరపడ్డాను. శనివారమే కొత్త థర్మోస్టాట్ వాల్వ్ కొని ఉంచాను కదా అని బిగించేశాను. తేడా ఏమీ లేదు. సాయంత్రం ఎర్రగడ్డ దాటేసరికి మళ్లీ 104. అక్కడే వెనక్కి తిప్పేశాను.

తీసిన పాత వాల్వ్‌ని రాత్రి పొయ్యి మీద పరీక్షించాను. అటక మీద ఉన్న పాత అల్యూమినియం గిన్నె దింపి, అందులో నీళ్లు పోసి, వాల్వ్‌ని దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టాను. వంటగిన్నె వాడొద్దు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. వాల్వ్ అంచు మీద 82 అని చెక్కి ఉంది. 80 దాకా చలనం లేదు. 83 దగ్గర ఇత్తడి బిళ్ల కింద వెంట్రుకవాసి సందు ఏర్పడింది. తర్వాత మొగ్గ విచ్చుకున్నట్టు మెల్లగా లేస్తూ 95కి దాదాపు చిటికెన వేలు మందాన తెరుచుకుంది. పొయ్యి కట్టేస్తే మళ్లీ మెల్లగా మూసుకుంది. అమ్మ వాకర్ పక్కన పెట్టి కుర్చీలో కూర్చుని చూస్తూ, "బాగానే పని చేస్తోంది కదరా, మరెందుకు తీశావు?" అంది. సరైన ప్రశ్న. ఈ పరీక్ష బిగించకముందు చేసి ఉంటే ఆ డబ్బులూ, ఒక పూటా మిగిలేవి.

మే 15

ఇవాళ ఫ్యాన్ దగ్గర కూర్చున్నాను. "తిరుగుతుంది కదా" అన్న మాట షెడ్డువాళ్లు అన్నారు, నేనూ నమ్మాను. తిరగడం వేరు, తిరగాల్సినంత వేగంగా తిరగడం వేరు. ఆ తేడా కంటికి తెలియదు. మా అపార్ట్‌మెంట్‌లోనే అలాంటి కారు ఇంకొకటి ఉంది. ఆ అంకుల్‌ని అడిగి రెండూ పక్కపక్కన పెట్టి, రెండిటికీ ఏసీ వేసి, గ్రిల్ ముందు ఒక న్యూస్‌పేపర్ ముక్క పట్టుకున్నాను. ఆయన కారు దాన్ని లాగి గ్రిల్‌కి అంటించేసుకుంది. మా కారు ముందు అది ఊగి జారి కింద పడింది. చప్పుడులో కూడా తేడా ఉంది. ఆయనది హోరు, మాది ఈల.

ఇక మల్టీమీటర్ తీశాను. ఇంజిన్ నడుస్తూ, ఏసీ ఆన్‌లో ఉండగా బ్యాటరీ దగ్గర 13.7 వోల్టులు. ఫ్యాన్ మోటార్ వైర్ల దగ్గర 10.9. మధ్యలో 2.8 వోల్టులు ఎక్కడో పోతున్నాయి. ఎక్కడ పోతున్నాయో పట్టుకోవడానికి మీటర్ ఒక కొన బ్యాటరీ ప్లస్ మీద పెట్టి, రెండో కొనతో ఒక్కో మజిలీ చూసుకుంటూ వచ్చాను. ఫ్యూజూ రిలే దాటేసరికి పోయింది 0.3 మాత్రమే. ఎర్త్ వైపు 0.2. మిగతా 2.3 వోల్టులూ ఫ్యాన్ కప్లర్ (ఫ్యాన్ వైర్లని కలిపే ప్లగ్గు) ఒక్కదాని దగ్గరే పోతున్నాయి.

ఈ కొలత ఫ్యాన్ నడుస్తుండగానే తీయాలి. ఫ్యాన్ ఊడదీసి కప్లర్‌లో వోల్టేజ్ చూస్తే నిండా 13.7 కనిపిస్తుంది, అంతా బాగుందనుకుంటాం. కరెంటు పారుతున్నప్పుడే లోపం బయటపడుతుంది. కొలిచేటప్పుడు వైర్లు, చేతులు, చొక్కా అంచులు ఫ్యాన్‌కి దూరంగా ఉంచుకోండి.

ఇంజిన్ కట్టేసి, బ్యాటరీ మైనస్ తీసి, కప్లర్‌ని పట్టుకున్నాను. వేలు పెట్టలేనంత వేడిగా ఉంది. లాక్ నొక్కితే రాలేదు, ప్లాస్టిక్ మెత్తబడి అతుక్కుపోయింది. మెల్లగా ఊపుతూ లాగితే వచ్చింది. లోపల రెండు పిన్నుల్లో ఒకటి తెల్లగా మెరుస్తోంది. రెండోది కాలిన చింతగింజలా ఉంది. దాని చుట్టూ తెల్ల ప్లాస్టిక్ కాస్తా మాడిన రొట్టె రంగుకి తిరిగింది. ఆ పిన్నుని పట్టుకోవాల్సిన రేకు చెవులు వదులైపోయి తెరుచుకుని ఉన్నాయి. రేకు వదులైతే కరెంటుకి దారి ఇరుకవుతుంది, ఇరుకైతే వేడెక్కుతుంది, వేడికి ఇంకా వదులవుతుంది. డీసీ కొలిచే క్లాంప్ మీటర్ ఒక స్నేహితుడి దగ్గర తెచ్చి పాత కప్లర్‌తోనే ఒకసారి చూశాను: ఫ్యాన్ తీసుకునే కరెంటు 11 ఆంపియర్లు. 2.3ని 11తో గుణిస్తే సుమారు 25 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత వేడి, గోరంత జాగాలో, ఏసీ వేసిన ప్రతిసారీ.

మే 18

కప్లర్ కోసం బండ్ల విడిభాగాల షాపులుండే రాణిగంజ్ వెళ్లాను. పాతది చేతిలో పెట్టుకుని వెళ్లడమే మంచిది, పేరు చెప్తే పది రకాలు చూపిస్తారు. మూడో షాపులో పెద్దాయన పాత కప్లర్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఫ్యాన్‌ది. వైర్ తోని వస్తది, అదే తీస్కో భాయ్, ఒట్టి పిన్నులు తీస్కుంటే మళ్లా కాల్తది" అన్నారు. మంచి సలహా. కాలిన వైపు వైరు కూడా రెండు మూడు అంగుళాల దాకా నల్లబడి పెళుసుగా ఉంది. రాగి మెరిసే దాకా కత్తిరించి, కొత్త వైరుని లోహపు స్లీవ్ పెట్టి క్రింప్ చేసి (గట్టిగా నొక్కి బిగించి), పైన వేడికి ముడుచుకునే ట్యూబ్ తొడిగాను. ఒట్టి మెలిపెట్టి టేపు చుట్టడం ఇక్కడ పనికిరాదు. 11 ఆంపియర్లు పారే చోట అది ఇంకో కాలే కప్లర్ అవుతుంది. ఫ్యాన్ మోటార్ వైపు పిన్నుని ఎమెరీ పేపర్‌తో రుద్దితే లోపల గట్టి లోహం బయటపడింది. ఎర్త్ బోల్టు విప్పి తుప్పు గీకి మళ్లీ బిగించాను.

ఇప్పుడు ఫ్యాన్ దగ్గర 13.3 వోల్టులు. పేపర్ ముక్క గ్రిల్‌కి అతుక్కుంది. ఆ చప్పుడు విన్నప్పుడు కలిగిన సంతోషం చెప్పలేను.

10.9కీ 13.3కీ తేడా పెద్దగా లేదనిపించవచ్చు. ఫ్యాన్ వేగం 18 శాతం దాకా తగ్గినట్టు లెక్క. కానీ గాలిని లాగే ఒత్తిడి వేగం వర్గంతో మారుతుంది, అంటే అది మూడో వంతు తగ్గిపోయింది. ముందు దారి సాఫీగా ఉంటే ఆ మాత్రం నెట్టుకొస్తుంది. దారికి ఏదైనా అడ్డం ఉంటే లాగలేదు.

సాయంత్రం అమీర్‌పేట దాకా వెళ్లాను. ఏసీ లేకుండా 97. ఏసీ వేస్తే పది నిమిషాల్లో 105. బాగా మెరుగు, కానీ అమ్మని ఎక్కించుకునేంత కాదు. అడ్డం ఏదో ఉందని అప్పుడు నమ్మకం కలిగింది.

మే 19, ఆదివారం

గ్రిల్‌లోంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది. ప్రతి సర్వీసులో దాని మీద నీళ్లు కొడతారు. ఫ్యాన్ వైపు నుంచి ఫోన్ లైటు వేసి, ముందు నుంచి చూశాను. పై సగంలో వెలుగు చుక్కలు చుక్కలుగా కనిపించింది. కింది సగం చీకటి.

కూలెంట్ దించాను. దించినదంతా డబ్బాలో పట్టాను, చుక్క కూడా నేల మీద వదల్లేదు. అది రుచికి తియ్యగా ఉంటుంది, మా వీధి కుక్కలు, పిల్లులు నాకితే చచ్చిపోతాయి. ఫ్యాన్ నాలుగు బోల్టులు, పై బ్రాకెట్లు రెండు, రెండు హోసులు తీస్తే రేడియేటర్ పైకి వచ్చేసింది. ఏసీ పైపుల జోలికి వెళ్లలేదు, విప్పితే గ్యాస్ పోతుంది. కండెన్సర్‌ని దాని చోటే వదిలేశాను.

రేడియేటర్ ముందు ముఖం కింది సగమంతా గోనెసంచి ముక్క కప్పినట్టు ఉంది. వేలితో అంచు లేపితే చాప చుట్టినట్టు లేచి వచ్చింది. దుమ్ము, పురుగుల రెక్కలు, పావురం ఈకల నూగు, ఎండి నల్లబడిన వేపపువ్వు. మేం కారు పెట్టేది వేపచెట్టు కిందే. ఎన్ని ఉగాదుల పువ్వు రాలి అక్కడికి చేరిందో. కండెన్సర్ ఫిన్స్‌లోంచి, అంటే సన్నటి రేకుల మధ్య నుంచి, జారిపోయేంత సన్నటివన్నీ దాన్ని దాటి, రేడియేటర్ దగ్గర ఆగిపోయాయి. సర్వీసులో ముందు నుంచి కొట్టిన నీళ్లు వాటిని ఇంకా లోపలికి నొక్కి, ముద్ద చేసి, ఎండలో గట్టిపరిచాయి. రేడియేటర్ చుట్టూ సందులు మూయడానికి కంపెనీ పెట్టే స్పాంజి పట్టీ కూడా పొడిపొడిగా రాలిపోయింది. బండి నిలబడినప్పుడు ఫ్యాన్ వెనక్కి వదిలిన వేడిగాలి ఆ సందుల్లోంచి ముందుకి తిరిగొచ్చి మళ్లీ లోపలికే పోతుంది.

కడగడానికి తోటకి నీళ్లు పెట్టే పైపు చాలు. ఇంజిన్ వైపు ముఖం నుంచి ముందుకి, అంటే మురికి వచ్చిన దారినే వెనక్కి పంపాలి. ప్రెషర్ గన్ కొడితే కాగితం కంటే కొంచెం మందంగా ఉండే ఆ అల్యూమినియం ఫిన్స్ పడిపోయి, గాలి దారి శాశ్వతంగా మూసుకుంటుంది. బట్టల సబ్బు నీళ్లు చల్లి, పావుగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో ఫిన్స్ నిలువు వెంట దువ్వుతూ మూడు గంటలు కూర్చున్నాను. చివరికి ఎండకి ఎత్తి పట్టుకుంటే జల్లెడలా మొత్తం వెలుగు కనిపించింది. కొత్త స్పాంజి పట్టీలు నాలుగు పక్కలా అంటించాను.

లోపలి సంగతి. కూలెంట్ తుప్పు రంగులో ఉంది, మూతి దగ్గర తెల్లటి పొర. గత ఏడాది తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోసింది నేనే. మన బోరు నీళ్లతో గీజర్ కాయిల్‌కి ఏం పడుతుందో ఇంజిన్ లోపలా అదే పడుతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగుసార్లు నింపి, ఇంజిన్ వేడెక్కనిచ్చి, చల్లారాక దించేశాను. నాలుగోసారి నీళ్లు తేటగా వచ్చాయి. చివరిసారి వేడిగా ఉన్నప్పుడే, ఫ్యాన్ ఆగి ఉన్న సమయంలో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రేడియేటర్ ముఖమంతా జల్లెడ పట్టాను. ఒక చివర్నుంచి ఇంకో చివరికి వేడి క్రమంగా తగ్గుతూ వచ్చింది, మధ్యలో చల్లటి చారలు లేవు. అంటే గొట్టాలు పూడుకోలేదు. యాసిడ్ పోయించే అవసరం లేదు. రేడియేటర్ కొత్తది కొనే అవసరం అసలే లేదు.

మూత మార్చాను. పాతదాని రబ్బరు బీటలు వారింది. దాని మీద రాసి ఉన్న 0.9 అన్న అంకెనే చూసి కొన్నాను. ఈ చిన్న మూత విలువ మనకి తెలియదు. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. 0.9 బార్ ఒత్తిడి పట్టి ఉంచితే ఉత్త నీళ్లే దాదాపు 118 దాకా మరగవు. సగం కూలెంట్ కలిస్తే ఇంకా పైకి పోతుంది. ఆ రోజు డబ్బాలో ఉడుకు వచ్చింది సగం ఈ రబ్బరు వల్లే. ఎక్కువ అంకె ఉన్న మూత పెడదామనే ఆలోచన మాత్రం వద్దు, పాత హోసులు పగులుతాయి.

కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోశాను. సెల్లార్ ర్యాంపు మీద ముక్కు పైకి ఉండేలా బండి పెట్టి, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, హీటర్ ఆన్ చేసి, మూత తీసి ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేశాను. వాల్వ్ తెరుచుకున్నాక గళగళమని నాలుగైదు పెద్ద బుడగలు వచ్చి, మట్టం బెత్తెడు దిగింది. అంత గాలి లోపల ఉండిపోతే ఇన్ని రోజుల కష్టం బూడిదలో పోసినట్టే. బుడగలు పూర్తిగా ఆగాక నింపి మూత బిగించాను.

మే 22

ఒక్కడినే వెళ్లాను. ఏసీ ఆన్. అమీర్‌పేటలో 96. ఇంటికొచ్చి పార్కింగ్‌లో అరగంట ఏసీతో అలాగే నిలబెట్టాను. 97 దాటలేదు.

మే 27

రోహిణి కార్తె వచ్చింది. రోహిణి ఎండకి రోళ్లు పగులుతాయంటారు. సాయంత్రం ఐదున్నరకి కూడా రోడ్డు మీద నుంచి సెగ కొడుతోంది. ఇరవై రోజుల తర్వాత అమ్మని మా కారులో ఎక్కించుకున్నాను. ఎర్రగడ్డలో 95, ఎస్ఆర్ నగర్‌లో 97. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర తొమ్మిది నిమిషాలు కదల్లేదు, ఎక్కువలో ఎక్కువ 99. బండ్లు కదలగానే 93కి దిగింది.

సిగ్నల్ కనపడగానే అమ్మ అలవాటు కొద్దీ అద్దం సగం దించింది. నేను ఫోన్‌లో అంకె చూస్తూ ఏమీ అనలేదు. కాసేపు ఆగి, "ఇవాళ ఏసీ ఆపలేదేంరా?" అంది. అవసరం లేదమ్మా అన్నాను. అద్దం మళ్లీ పైకి ఎత్తుకుని, కాలు చాపుకుని వెనక్కి వాలింది.

ఇంటికి రాగానే బోనెట్ ఎత్తి కొత్త కప్లర్ మీద థర్మామీటర్ పెట్టాను. 46. పక్కనున్న ప్లాస్టిక్ అంతా కూడా అంతే ఉంది. రిజర్వ్ డబ్బా మీద 19న మార్కర్‌తో గీసిన గీత దగ్గరే కూలెంట్ ఉంది.